పెద్ద సంఖ్య చేతికొస్తే ఎక్కడ మొదలుపెట్టాలి? 9,06,948తో మొదటి అడుగు నుంచి చివరి దాకా

"ఆరంకెల సంఖ్య ఇచ్చి దీనికి కారణాంకాలు ఎన్ని, పరిపూర్ణ వర్గమా కాదా అని అడిగితే చెయ్యి ఆడడం లేదు." పోటీ పరీక్షలకు చదివేవాళ్లు, పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకుని లెక్కలు చెప్పే తల్లిదండ్రులు ఈ మాట పదేపదే అడుగుతున్నారు. సూత్రాలు దాదాపు అందరికీ వచ్చు. ఏది ముందు, ఏది తర్వాత, ఎక్కడ ఆగాలి అన్న దగ్గరే టెన్షన్.

అందుకే ఒక్క సంఖ్యనే తీసుకుని మొత్తం చేసి చూపిస్తాను: 9,06,948. నేను కావాలనే ఎంచుకున్న సంఖ్య ఇది. సాధారణంగా జరిగే పొరపాట్లన్నీ జరగడానికి ఇందులో చోటుంది. చదువుతూ పక్కన కాగితం మీద మీరూ చేయండి. చదివితే అర్థమైనట్టే ఉంటుంది, చేస్తేనే వస్తుంది.

## 1. ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

- 100 లోపు ప్రధాన సంఖ్యలు 25. ఒక చీటీ మీద రాసి ఎదురుగా పెట్టుకోండి. వారంలో నోటికి వచ్చేస్తాయి.
- 1 నుంచి 60 దాకా వర్గాలు. కనీసం 30 దాకా కంఠతా, మిగతావి చీటీ మీద.
- 19వ ఎక్కం దాకా తడుముకోకుండా రావాలి. ఇక్కడ తడబడితే మిగతా పద్ధతులేవీ కాపాడలేవు.
- గీతల కాగితం. ఎడమ పక్క అసలు పని, కుడి పక్క చిత్తు లెక్క. రెండూ కలిపేస్తే తప్పు ఎక్కడ జరిగిందో వెతకడానికే సగం టైమ్ పోతుంది.

కాలిక్యులేటర్ ఇప్పుడు వద్దు. చివర్లో సరిచూసుకోవడానికి వాడుకోండి.

## 2. సంఖ్యను సరిగ్గా రాసుకోవడం

ఇది చెప్పాల్సిన విషయమా అనిపించవచ్చు. కానీ నేను చూసిన తప్పుల్లో చాలా వాటికి మొదలు ఇక్కడే ఉంది.

"తొమ్మిది లక్షల ఆరు వేల తొమ్మిది వందల నలభై ఎనిమిది" అని చదివి వినిపిస్తే చాలామంది 96,948 అని రాసేస్తారు. పదివేల స్థానంలో ఉన్న సున్నాకు నోట్లో చప్పుడు లేదు మరి. లక్షలు అని వినగానే ముందు ఆరు గళ్లు గీసి, కుడి నుంచి నింపండి. ఖాళీ మిగిలిన గడిలో సున్నా.

రెండోది కామాలు. మన పద్ధతిలో 9,06,948 అని రాస్తాం. దేనితో పోతుందో తేల్చే కొన్ని పరీక్షలకు సంఖ్యను కుడి నుంచి మూడేసి అంకెలుగా విడగొట్టాలి, అంటే 906 | 948. మన కామా దగ్గర కాకుండా అంకెల లెక్క ప్రకారం విడగొట్టండి. ఇది నాలుగో మెట్టులో అక్కరకొస్తుంది.

ఆ పక్కనే వర్గమూలం అంచనా రాసుకోండి. 952² = 9,06,304. 953² = 9,08,209. మన సంఖ్య ఈ రెండింటి మధ్య ఉంది. దీన్నిబట్టి రెండు విషయాలు తేలాయి: ఇది పరిపూర్ణ వర్గం కాదు, ప్రధాన సంఖ్యలతో పరీక్షించాల్సి వస్తే 952 దాటి వెళ్లనక్కర్లేదు.

952 లోపు ప్రధాన సంఖ్యలు 161 ఉన్నాయి. కంగారు పడకండి, వాటన్నిటితో పని పడదు.

## 3. చిన్న పరీక్షలు: 2, 3, 5, 11

వరుస మార్చకండి. చిన్న ప్రధాన సంఖ్యలు ముందు తీసేస్తే సంఖ్య త్వరగా తగ్గిపోతుంది, ఆ తర్వాతి భాగహారాలన్నీ సుళువవుతాయి.

- 2: చివరి అంకె 8, సరి. చివరి రెండంకెలు 48, అంటే 4తోనూ పోతుంది. చివరి మూడంకెలు 948. ఎనిమిదో ఎక్కంలో పోదు (8 × 118 = 944, శేషం 4). కాబట్టి 2 సరిగ్గా రెండుసార్లే.
- 3: అంకెల మొత్తం 9+0+6+9+4+8 = 36. 3తో, 9తో కూడా పోతుంది.
- 5: చివర 0 లేదు, 5 లేదు. పోదు.
- 11: కుడి నుంచి ఒకటి విడిచి ఒకటి: 8−4+9−6+0−9 = −2. పోదు.

3 దగ్గర ఒక హెచ్చరిక. అంకెల మొత్తంతో చేసే పరీక్ష 3కు, 9కి మాత్రమే పనిచేస్తుంది. "మొత్తం 27 వచ్చింది, కాబట్టి 27తో పోతుంది" అనేవాళ్లను చాలామందిని చూశాను. అది తప్పు. ఉదాహరణకు 999 అంకెల మొత్తం 27, అది 27తో పోతుంది. 9,981 అంకెల మొత్తం కూడా 27, కానీ 27తో భాగిస్తే శేషం 18 వస్తుంది. 9 తర్వాత ఇంకో 3 ఉందో లేదో తెలియాలంటే 9తో భాగించి, వచ్చిన భాగఫలానికి మళ్లీ అంకెలు కూడాలి.

## 4. ఒక్క తీసివేతతో మూడు పరీక్షలు: 7, 11, 13

1001 = 7 × 11 × 13. ఈ ఒక్కటి గుర్తుపెట్టుకుంటే మూడు పరీక్షలు ఒకేసారి అయిపోతాయి.

కుడి నుంచి మూడేసి అంకెలు విడగొట్టి, ఒక గుంపు కూడుతూ ఒక గుంపు తీసేస్తూ వెళ్లాలి:

948 − 906 = 42

ఇప్పుడు 9,06,948కి బదులు 42ను అడగండి. ఏడో ఎక్కంలో పోతుందా? పోతుంది. 11తో? పోదు. 13తో? పోదు. అసలు సంఖ్యకూ అవే జవాబులు. 1000కి ఒకటి కలిపితే 1001, అది ఈ మూడింటితోనూ పోతుంది. అందుకే వేల గుంపును తీసివేసినా ఈ మూడింటి విషయంలో శేషం మారదు.

పైన 11కు విడిగా చేసిన పరీక్ష కూడా ఇదే చెప్పింది. రెండు దారుల్లో ఒకే జవాబు వస్తే లెక్క సరిగ్గా చేశామని ధైర్యం.

ఇక్కడ జరిగే పొరపాటు: మన కామాల ప్రకారం 9, 06, 948 అని మూడు గుంపులు చేసి 948−06+9 అనడం. జవాబు 951 వస్తుంది, అది 7తో పోదు. అంతే, 7 చేజారిపోతుంది.

## 5. అసలు పని: ప్రధాన కారణాంకాల విభజన

ఇది తేలితే మిగతావన్నీ వాటంతట అవే వచ్చేస్తాయి. కాబట్టి ఎక్కువ టైమ్ ఇక్కడే పెట్టండి.

9,06,948 ÷ 2 = 4,53,474
4,53,474 ÷ 2 = 2,26,737
2,26,737 ÷ 3 = 75,579
75,579 ÷ 3 = 25,193
25,193 అంకెల మొత్తం 20, ఇక 3 లేదు.
25,193 ÷ 7 = 3,599

మిగిలింది 3,599. చాలామంది దారి తప్పేది ఇక్కడే.

మొన్నామధ్య మా మేనల్లుడు ఈ లెక్కే చేశాడు. ఎనిమిదో తరగతి. పెన్సిల్‌తో 17, 19, 23 అంటూ వరుసగా భాగహారాలు చేసుకుంటూ పోయాడు. పేజీ నిండిపోయింది. 53 దగ్గర శేషం 48 వచ్చేసరికి పెన్సిల్ పక్కన పడేసి, "ఇది ప్రధాన సంఖ్యే మామయ్యా, ఇంతసేపు పోలేదంటే ఇంక పోదు" అన్నాడు.

"ఎక్కడిదాకా చూడాలి రా?" అన్నాను.

"వర్గమూలం దాకా."

"3,599కి వర్గమూలం ఎంత?"

కాసేపు ఆలోచించి, "60 కన్నా కొంచెం తక్కువ" అన్నాడు. మరుక్షణం వాడి కళ్లు చీటీ మీద 53 పక్కనున్న అంకె మీదికి వెళ్లాయి. 59. భాగిస్తే 61, శేషం సున్నా.

సరిగ్గా ఆఖరి మెట్టు మీద దొరికింది. అలసిపోయి ఒక్క అడుగు ముందు ఆగి ఉంటే సంఖ్య మొత్తం తప్పు. ఈ సంఖ్యను ఎంచుకున్నది ఇందుకే.

ఈ శ్రమను సగానికి తగ్గించే పద్ధతులు మూడున్నాయి.

ఒకటి, హద్దును తగ్గిస్తూ వెళ్లండి. మొదట 952 దాకా చూడాలనుకున్నాం. ప్రతి భాగహారం తర్వాత కొత్త వర్గమూలం రాసుకోండి. 3,599 దగ్గరికి వచ్చేసరికి హద్దు 59కి దిగింది. 161 ప్రధాన సంఖ్యల పని 17కు తగ్గింది.

రెండు, ఒకసారి కాదన్నదాన్ని మళ్లీ అడగకండి. అసలు సంఖ్య 5, 11, 13లతో పోలేదు. దాన్నుంచి వచ్చిన ఏ భాగఫలమూ వాటితో పోదు. కానీ పోయినదాన్ని మాత్రం మళ్లీ అడగాలి. 7తో ఒకసారి పోయింది, 3,599 కూడా పోతుందేమో చూడాలి (7 × 514 = 3,598, శేషం 1, పోదు). ఈ రెండో అడుగు మర్చిపోతే ఘాతాంకాలు తప్పుతాయి.

మూడు, వరుస భాగహారాలకు ముందు వర్గాల భేదం చూడండి. మిగిలిన సంఖ్యకు పైనున్న వర్గం తీసుకోండి. 60² = 3,600. దాన్నుంచి 3,599 తీసేస్తే 1. ఒకటి కూడా వర్గమే. కాబట్టి 3,599 = 60² − 1² = (60−1)(60+1) = 59 × 61. పది సెకన్ల పని. అన్ని సంఖ్యలకూ ఇంత తేలిగ్గా రాదు. పైనున్న మూడు నాలుగు వర్గాలు చూసి, తేడా వర్గం కాకపోతే మామూలు దారిలోకి రండి.

తుది ఫలితం:

9,06,948 = 2² × 3² × 7 × 59 × 61

సరిచూసుకునే చీటీ:

- ప్రతి కారణాంకమూ ప్రధాన సంఖ్యేనా? 9, 21, 51, 57, 91 లాంటివి దొంగచాటుగా దూరాయా? (51 = 3 × 17, 57 = 3 × 19, 91 = 7 × 13.)
- అన్నీ గుణిస్తే అసలు సంఖ్య వస్తుందా? 4 × 9 × 7 = 252. 252 × 3,600 నుంచి ఒక 252 తీసేయండి: 9,07,200 − 252 = 9,06,948. సరిపోయింది.
- 9ల పరీక్ష (గుణించిన సంఖ్యల అంకెల మొత్తాలను గుణిస్తే జవాబు అంకెల మొత్తంతో కలవాలి, అన్నీ ఒక్క అంకె వచ్చేదాకా కూడాలి): 59 అంకెల మొత్తం 14, దాన్ని మళ్లీ కూడితే 5. 61కి 7. 5 × 7 = 35, అంటే 8. 3,599 అంకెల మొత్తం 26, అంటే 8. సరిపోయింది. అంకెలు తారుమారైనా (3,599 బదులు 3,959 రాసినా) 9ల పరీక్ష పట్టుకోలేదు. అందుకే 11 పరీక్ష కూడా కలపండి.

## 6. కారణాంకాలు ఎన్ని?

ప్రతి ఘాతాంకానికి ఒకటి కలిపి, అన్నీ గుణించాలి.

(2+1)(2+1)(1+1)(1+1)(1+1) = 3 × 3 × 2 × 2 × 2 = 72

ఈ "ఒకటి కలపడం" ఎందుకంటే, ఒక కారణాంకం తయారుచేసేటప్పుడు 2ను అసలు తీసుకోకపోవచ్చు, ఒకసారి తీసుకోవచ్చు, రెండుసార్లు తీసుకోవచ్చు. మొత్తం మూడు దారులు. ఇది అర్థమైతే కింది ప్రశ్నలకు విడిగా సూత్రాలు బట్టీ పట్టనక్కర్లేదు.

- బేసి కారణాంకాలు: 2ను తీసుకోకూడదు. 3 × 2 × 2 × 2 = 24.
- సరి కారణాంకాలు: 72 − 24 = 48.
- వర్గాలైన కారణాంకాలు: 2ను సున్నా లేదా రెండుసార్లు, 3ను కూడా అంతే, మిగతావి వద్దు. 2 × 2 = 4. అవి 1, 4, 9, 36.
- రెండు సంఖ్యల లబ్ధంగా ఎన్ని విధాలు: 72లో సగం, 36.

ప్రశ్నను జాగ్రత్తగా చదవండి. "వేర్వేరు ప్రధాన కారణాంకాలు ఎన్ని" అంటే 5. "ప్రధాన కారణాంకాలు మళ్లీ మళ్లీ వచ్చినవి కూడా కలిపి" అంటే 7. "కారణాంకాలు ఎన్ని" అంటే 72. ఆప్షన్లలో మూడూ ఉంటాయి.

## 7. కారణాంకాల మొత్తం

ప్రతి ప్రధాన సంఖ్యకూ ఒక బ్రాకెట్. అందులో 1తో మొదలుపెట్టి ఘాతాలన్నీ కూడాలి.

(1+2+4)(1+3+9)(1+7)(1+59)(1+61) = 7 × 13 × 8 × 60 × 62 = 27,08,160

ఇందులోంచి సంఖ్యను తీసేస్తే 18,01,212. అంటే తనను మినహాయించి మిగతా కారణాంకాల మొత్తం తనకన్నా ఎక్కువ. 6 కన్నా పెద్దదైన 6 గుణిజం ఏదైనా ఇలాగే ఉంటుంది, కాబట్టి జవాబు తక్కువ వచ్చిందంటే ఎక్కడో పొరపాటు జరిగినట్టే. ఎక్కువసార్లు ఆ పొరపాటు బ్రాకెట్లో 1 మర్చిపోవడమే.

## 8. వర్గం చేయాలంటే

ఘాతాంకాలన్నీ సరి సంఖ్యలైతేనే పరిపూర్ణ వర్గం. ఇక్కడ 7, 59, 61ల ఘాతాంకాలు 1. వాటికి జత కావాలి. 7 × 59 × 61 = 25,193తో గుణిస్తే వర్గం అవుతుంది, దాని వర్గమూలం 6 × 25,193 = 1,51,158. అదే 25,193తో భాగిస్తే 36 మిగులుతుంది, అదీ వర్గమే. "కనిష్ఠంగా దేనితో గుణించాలి", "దేనితో భాగించాలి" అన్న రెండు ప్రశ్నలకూ జవాబు ఒకటే.

రెండు వర్గాల మొత్తంగా రాయగలమా? 4తో భాగిస్తే శేషం 3 వచ్చే ప్రధాన కారణాంకాలను చూడండి: 3, 7, 59. వీటన్నిటి ఘాతాంకాలు సరి సంఖ్యలై ఉండాలి. 3కు ఉంది, 7కు లేదు. కాబట్టి రాయలేం. వెతుకుతూ కూర్చోనక్కర్లేదు.

రెండు వర్గాల భేదంగా? సంఖ్యను రెండు సరి సంఖ్యల లబ్ధంగా విడగొట్టండి. 854 × 1,062 తీసుకుందాం (854 = 2 × 7 × 61, 1,062 = 2 × 9 × 59). రెండింటి సగటు 958, తేడాలో సగం 104. అంతే:

958² − 104² = 9,17,764 − 10,816 = 9,06,948

ఇలా మొత్తం 12 విధాలుగా రాయవచ్చు. రెండు 2లూ చెరో వైపు వెళ్లిపోతాయి, మిగిలిన బేసి భాగం 2,26,737కు 24 కారణాంకాలు, అంటే 12 జతలు.

## 9. ఆయిలర్ ఫై: తనతో ఉమ్మడి లేనివి ఎన్ని?

1 నుంచి 9,06,948 దాకా ఉన్న సంఖ్యల్లో, దీనితో 1 తప్ప వేరే ఉమ్మడి కారణాంకం లేనివి ఎన్ని? పెద్ద భిన్నాలు గుణించకండి. మెట్లుగా తీసివేయండి:

- 9,06,948లో సగం తీసేస్తే 4,53,474
- అందులో మూడో వంతు తీసేస్తే 3,02,316
- అందులో ఏడో వంతు (43,188) తీసేస్తే 2,59,128
- అందులో 59వ వంతు (4,392) తీసేస్తే 2,54,736
- అందులో 61వ వంతు (4,176) తీసేస్తే 2,50,560

ప్రతిసారీ అప్పటికి మిగిలినదాంట్లోంచే వంతు తీయాలి, అసలు సంఖ్యలోంచి కాదు. 2², 3² ఉన్నా ఒక్కొక్క ప్రధాన సంఖ్యకు ఒక్కసారే తీయాలి. ఏ మెట్టులోనైనా శేషం మిగిలిందంటే వెనక్కి వెళ్లి కారణాంకాలు చూసుకోండి.

## 10. బైనరీలో

బైనరీ అంటే 0, 1 అంకెలతోనే సంఖ్యను రాయడం. 2తో భాగిస్తూ శేషాలు రాసుకుని కింద నుంచి పైకి చదవడమే: 11011101011011000100. ఇరవై అంకెలు, అందులో 1లు పదకొండు. చివర రెండు సున్నాలు ఉన్నాయి చూడండి, కారణాంకాల్లో 2² ఉంది కదా, అదే ఇక్కడ కనిపిస్తోంది. ఈ రెండూ కలవకపోతే తప్పు చేసినట్టు.

## 11. ఇంకా పెద్దవి వస్తే

పదంకెలు దాటాక వరుస భాగహారం మనిషి వల్ల కాదు. ఆ సంఖ్య ఎలా పుట్టిందో దాన్నిబట్టి వెతకాలి. 2³² + 1 = 4,29,49,67,297 తీసుకోండి. దీని వర్గమూలం 65,536 పైచిలుకు, దానిలోపు ప్రధాన సంఖ్యలు 6,542. కానీ దీని ప్రధాన కారణాంకం ఏదైనా 64తో భాగిస్తే శేషం 1 రావాలి. అలా వరుసగా చూస్తే 193, 257, 449, 577, 641. అయిదో దానికే దొరుకుతుంది: 641 × 67,00,417. 1732లో గణితవేత్త ఆయిలర్ దీన్ని విడగొట్టాడు.

కంప్యూటర్ వాడేవాళ్లకు రెండు జాగ్రత్తలు. ఎక్సెల్ 15 అంకెల దాకానే నమ్మకంగా దాచుకుంటుంది, 16వ అంకె నుంచి సున్నా అయిపోతుంది. పైథాన్‌లో పూర్ణాంకాలు ఎంత పెద్దవైనా పర్వాలేదు, కానీ భాగహారానికి ఒక్క గీత (/) వాడితే దశాంశంగా మారిపోతుంది. 9,00,71,99,25,47,40,992 దాటాక చివరి అంకెలు నమ్మలేం. రెండు గీతలు (//), శేషానికి % వాడండి.

## 12. మీరు చేసి చూడాల్సినవి

జవాబులు కింద ఇచ్చాను. ముందు చూడకండి.

- 5,10,510
- 10,02,001
- 9,99,991

మొదటిదానికి మూడేసి గుంపులు చేస్తే 510 − 510 = 0. అంటే 7, 11, 13 మూడూ ఒకేసారి దొరికాయి. 2 × 3 × 5 × 7 × 11 × 13 × 17, కారణాంకాలు 128.

రెండోదాని గుంపులు 001 − 002 + 1 = 0. ఇది 1001², అంటే 7² × 11² × 13², కారణాంకాలు 27. వర్గాలకు మాత్రమే కారణాంకాల సంఖ్య బేసిగా వస్తుంది, ఎందుకో ఆరో మెట్టులోని జతల లెక్కతో మీరే తేల్చగలరు.

మూడోది 1000² − 3² = 997 × 1,003. ఇక్కడే ఆగితే తప్పు. 1,003 = 17 × 59. కారణాంకాలు 8.